రీస్టోర్ పాయింట్లు వాటంతటవే తయారయ్యేలా పెట్టుకోవడం ఎలా

ఒకరోజు రాత్రి పదకొండింటికి గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెర మీద బొమ్మ చూపించే భాగాన్ని నడిపే ప్రోగ్రామ్, కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేశాను. రీస్టార్ట్ అయ్యాక డెస్క్‌టాప్ అయితే వచ్చింది గానీ ఐకాన్లు ఒక్కొక్కటీ అరచెయ్యంత ఉన్నాయి. రెజల్యూషన్ మార్చుకుందామంటే ఆ మెనూ బూడిదరంగులోకి మారిపోయి నొక్కనివ్వడం లేదు. పోనీలే, విండోస్‌ని పాత స్థితికి తిప్పే సిస్టమ్ రీస్టోర్ ఉందిగా, నిన్నటి రీస్టోర్ పాయింట్‌కి, అంటే అది గుర్తుపెట్టుకున్న నిన్నటి స్థితికి, వెళ్లిపోతే సరి అనుకుని తెరిచాను. మీ సిస్టమ్ డ్రైవ్‌లో రీస్టోర్ పాయింట్లేమీ లేవని ఒక వాక్యం, కింద వెలగని నెక్స్ట్ బటన్. అంతే, ఇంకేం లేదు. ఆ ల్యాప్‌టాప్ నా చేతికి వచ్చిన రోజు నుంచీ, ఈ పాయింట్లు పెట్టే సిస్టమ్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్ ఆఫ్‌లోనే ఉందట. ఒక్కసారన్నా తెరిచి చూసి ఉంటే తెలిసేది. పాత డ్రైవర్ వెతికి పట్టుకునేసరికి తెల్లారింది.

మీకు ఆ రాత్రి రాకుండా ఉండాలంటే ఓ అరగంట కేటాయించండి. చెయ్యాల్సినవి మూడే: ప్రొటెక్షన్ ఆన్ చెయ్యడం, వారానికో పాయింట్ దానంతటదే తయారయ్యేలా పెట్టడం, ఏం జరిగితే ఎలా వెనక్కి వెళ్లాలో ముందే తెలుసుకోవడం. ఇక్కడ చెప్పేవి విండోస్ 10, 11 రెండింటికీ వర్తిస్తాయి. మెనూల పేర్లు, కమాండ్లు వినబడేట్టుగా తెలుగులో రాస్తున్నాను. కమాండ్లు మాత్రం మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

అసలు ఇది ఏం దాస్తుంది?

సిస్టమ్ రీస్టోర్ కొత్తదేమీ కాదు. 2000లో విండోస్ మిలీనియం ఎడిషన్‌తో వచ్చింది, మధ్యలో లోపల చాలా మారింది. ఇప్పుడు దాని వెనక పనిచేసేది వాల్యూమ్ షాడో కాపీ అనే సర్వీసు. రీస్టోర్ పాయింట్ పెట్టగానే డ్రైవ్ మొత్తాన్నీ ఎక్కడికో కాపీ చేసేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే డిస్క్ రెండు రోజుల్లో నిండిపోతుంది. అది చేసే పని వేరు. లెక్కల పుస్తకంలో ఒక గీత కొట్టి, "ఇక నుంచి ఏ పంక్తి దిద్దినా, దిద్దేముందు పాత పంక్తిని ఇంకో పుస్తకంలో ఎక్కించు" అని గుమాస్తాకు చెప్పినట్టు. మారనివాటిని ముట్టుకోదు, మారేవాటి పాత రూపాన్ని మాత్రం పక్కన పెడుతుంది. అందుకే పాయింట్ పెట్టడానికి నిమిషం కూడా పట్టదు. అది తినే చోటు మాత్రం ఆ తర్వాత రోజుల్లో మెల్లగా పెరుగుతూ పోతుంది.

ఈ రెండో పుస్తకం సీ డ్రైవ్‌లోనే, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటుంది. కాబట్టి డిస్కే పోతే పాయింట్లూ దాంతోపాటే పోతాయి. ఇది బ్యాకప్ కాదు. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు, వీడియోల జోలికి ఇది వెళ్లదు. నిన్న చెరిపేసిన ఫొటో దీంతో తిరిగిరాదు, ఇవాళ రాసుకున్న ఫైలు దీనివల్ల పోదు. ఇది వెనక్కి తిప్పేవి సిస్టమ్ ఫైళ్లు, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా), డ్రైవర్లు, ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు, సెట్టింగులు. వైరస్‌కి మందుగా కూడా దీన్ని నమ్ముకోకండి. డేటాకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ రకాలు చాలావరకు ముందుగా చెరిపేసేది ఈ షాడో కాపీలనే.

ఆన్ చెయ్యడం

స్టార్ట్ మెనూ తెరిచి "క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్" అని టైప్ చెయ్యండి. పైన వచ్చే ఫలితం నొక్కితే సిస్టమ్ ప్రాపర్టీస్ అనే చిన్న కిటికీ, అందులో సిస్టమ్ ప్రొటెక్షన్ అనే ట్యాబ్ తెరుచుకుంటాయి. పేరు చూసి నొక్కగానే పాయింట్ తయారైపోతుందేమో అనుకోవద్దు, ఇది సెట్టింగుల గది మాత్రమే.

మధ్యలో మీ డ్రైవ్‌ల జాబితా ఉంటుంది. ప్రతి డ్రైవ్ పక్కన ఆన్ అనో ఆఫ్ అనో రాసి ఉంటుంది. పక్కన "సిస్టమ్" అని ఉన్న డ్రైవ్, అంటే సాధారణంగా సీ, ఆఫ్ అని చూపిస్తుంటే దాన్ని ఎంచుకుని కింద కాన్ఫిగర్ నొక్కండి. "టర్న్ ఆన్ సిస్టమ్ ప్రొటెక్షన్" అన్న గుండ్రటి బటన్ ఎంచుకోండి. ఓకే నొక్కేముందు అదే కిటికీలో కిందున్న స్లైడర్‌ని ఒకసారి చూడాలి.

డీ (D), ఈ (E) డ్రైవ్‌లలో మీ సొంత ఫైళ్లే ఉంటే వాటికి ఆన్ చెయ్యక్కర్లేదు. ఊరికే చోటు తింటుంది. ప్రోగ్రాములు కూడా అక్కడే ఇన్‌స్టాల్ చేసే అలవాటుంటే మాత్రం ఆన్ చేసుకోండి. డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటేనే ఇది పనిచేస్తుంది, సీ డ్రైవ్ ఎలాగూ అదే ఫార్మాట్ కాబట్టి బెంగ లేదు.

స్లైడర్ ఎక్కడ ఆపాలి?

ఈ స్లైడర్ పేరు మ్యాక్స్ యూసేజ్. పాయింట్లన్నీ కలిపి ఇంతకు మించి తినకూడదని మీరు పెట్టే హద్దు అది. హద్దు నిండితే విండోస్ అన్నిటికన్నా పాత పాయింట్‌ని తీసేసి కొత్తదానికి చోటిస్తుంది. మిమ్మల్ని అడగదు, చెప్పదు.

నా లెక్క ఇది: 256 జీబీ డిస్క్ అయితే 5 శాతం, అంటే పన్నెండు పదమూడు జీబీ. 512 లేదా అంతకన్నా పెద్దదైతే 15 నుంచి 20 జీబీ మధ్య ఆపితే చాలు. స్లైడర్‌ని ఒకటి రెండు శాతం దగ్గర వదిలేస్తే ఒక పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజున పాత పాయింట్లన్నీ ఎగిరిపోయి ఒక్కటే మిగలొచ్చు. ఆ ఒక్కటీ గొడవ మొదలయ్యాక తయారైనదైతే ఇక దానివల్ల లాభం లేదు. అలాగని 20 శాతం ఇవ్వడం కూడా దండగే, ఆర్నెల్ల కిందటి పాయింట్‌కి ఎవరూ వెనక్కి వెళ్లరు. విండోస్ కూడా ఉంచదు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో 2025 జూన్ అప్‌డేట్ తర్వాత నుంచి ఏ పాయింట్ అయినా 60 రోజుల వరకే ఉంటుంది.

ఇంకో సంగతి. ప్రొటెక్షన్ ఆన్‌లో ఉన్న డ్రైవ్‌లో కనీసం 300 ఎంబీ ఖాళీ ఉండాలి. సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంటే ముందు దాని సంగతి చూడండి.

మొదటిది చేత్తోనే

ఓకే నొక్కి బయటికి వచ్చాక, అదే ట్యాబ్‌లో అడుగున క్రియేట్ అనే బటన్ ఉంటుంది. నొక్కితే పేరు అడుగుతుంది. తేదీ, టైమ్ అదే వేసుకుంటుంది కాబట్టి వాటిని మీరు రాయొద్దు. "టెస్ట్", "న్యూ", "అఆఇఈ" లాంటివీ వద్దు. మూడు వారాల తర్వాత టెన్షన్‌లో ఈ జాబితా చూస్తున్నప్పుడు అర్థమయ్యే పేరు పెట్టండి: "ప్రింటర్ డ్రైవర్‌కి ముందు", "ఆఫీస్ తీసేసే ముందు", "అంతా బాగుంది". నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది ఆ చివరి పేరే. కంప్యూటర్ ఏ నసా లేకుండా పనిచేస్తున్న రోజు చూసి అలాంటిది ఒకటి పెట్టుకోవడం మంచి అలవాటు.

కొత్త డ్రైవర్ వేసేముందు, రిజిస్ట్రీలో వేలు పెట్టేముందు, ఎక్కడినుంచో దింపిన ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసేముందు చేత్తో ఒకటి పెట్టండి. ఆటోమేటిక్‌గా ఎన్ని తయారవుతున్నా సరే దీన్ని మానొద్దు.

ఇక దానంతటదే తయారయ్యే పాయింట్లు

ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంటే విండోస్ తనవంతుగా కొన్ని పాయింట్లు పెడుతుంది. కొన్ని అప్‌డేట్లకు ముందు, కొన్ని ఇన్‌స్టాలర్లు అడిగినప్పుడు పెడుతుంది. ఏడు రోజులుగా ఏ పాయింటూ లేకపోతే సిస్టమ్ ఖాళీగా ఉన్న సమయం చూసి పెట్టే పని కూడా లోపల ఒకటి ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ రోజుకి గంటసేపు తెరిచి, పని అవగానే మూత వేసేసే ల్యాప్‌టాప్‌కి ఆ ఖాళీ సమయం ఎప్పుడొస్తుంది? అందుకని మన పని మనమే, చెప్పిన టైమ్‌కి పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌కి అప్పజెబుదాం.

స్టార్ట్ మెనూలో "టాస్క్ షెడ్యూలర్" అని టైప్ చేసి తెరవండి. కుడిపక్కన క్రియేట్ బేసిక్ టాస్క్, దాని కింద క్రియేట్ టాస్క్ అని రెండు కనిపిస్తాయి. మొదటిది సులువుగా కనిపిస్తుంది గానీ మనకి కావలసిన అడ్మిన్ అధికారాల టిక్కు అందులో లేదు. రెండోదే నొక్కండి.

జనరల్ ట్యాబ్‌లో నేమ్ దగ్గర మీకు నచ్చిన పేరు ఇవ్వండి. అదే పేజీలో "ఛేంజ్ యూజర్ ఆర్ గ్రూప్" నొక్కి, వచ్చిన పెట్టెలో "సిస్టమ్" అన్న ఒక్క మాట టైప్ చేసి ఓకే అనండి. దీంతో ఎవరు లాగిన్ అయినా కాకపోయినా టాస్క్ నడుస్తుంది, తెర మీద నల్ల కిటికీ మెరిసి మాయమవడం కూడా ఉండదు. కింద "రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్" దగ్గర టిక్కు పెట్టండి.

ట్రిగ్గర్స్ ట్యాబ్‌లో న్యూ నొక్కి వీక్లీ ఎంచుకోండి. కంప్యూటర్ తప్పకుండా ఆన్‌లో ఉండే రోజు, ఆ రోజులో మీరు కూర్చునే సమయం ఇవ్వండి. తెల్లవారుజామున మూడింటికి పెట్టి, ఆ టైమ్‌కి కంప్యూటర్ నిద్రపోతుంటే ఏం లాభం?

యాక్షన్స్ ట్యాబే ఇందులో అసలైనది. న్యూ నొక్కండి. యాక్షన్ దగ్గర "స్టార్ట్ ఎ ప్రోగ్రామ్" అని ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. "ప్రోగ్రామ్ ఆర్ స్క్రిప్ట్" అన్న గడిలో పవర్‌షెల్ డాట్ ఈఎక్స్‌ఈ అని రాయండి, విండోస్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్ అది. పవర్ షెల్ రెండూ కలిపి ఒకే మాట, చుక్క, ఆపైన మూడు అక్షరాలు. దాని కింద "యాడ్ ఆర్గ్యుమెంట్స్" గడిలో ఈ వరసలో కొట్టండి: ముందు ఒక హైఫన్, దానికి ఆనుకుని కమాండ్, ఒక స్పేస్, చెక్‌పాయింట్, హైఫన్, కంప్యూటర్, ఈ మూడూ కలిపి, మళ్లీ ఒక స్పేస్, చివర పాయింట్‌కి పేరుగా వీక్లీ అన్న ఒక్క మాట. పేరులో రెండు మాటలుంటే కొటేషన్ గుర్తులు పెట్టాలి, ఈ గడిలో అవి తేడా చేసి ఏడిపిస్తాయి. ఒక్క మాటతో సరిపెడితే ఆ తలనొప్పే ఉండదు.

పవర్‌షెల్ 7 విడిగా వేసుకున్నవాళ్లకి ఒక హెచ్చరిక. చెక్‌పాయింట్ కంప్యూటర్ అనే ఈ కమాండ్ అందులో లేదు. విండోస్‌తో పాటు వచ్చే పాత పవర్‌షెల్ 5.1లోనే పనిచేస్తుంది. పైన చెప్పిన ప్రోగ్రామ్ పేరు ఆ పాతదాన్నే తెరుస్తుంది కాబట్టి దాన్ని మార్చొద్దు.

కండిషన్స్ ట్యాబ్‌లో "కంప్యూటర్ ఏసీ పవర్ మీద ఉంటేనే టాస్క్ మొదలుపెట్టు" అని అర్థమొచ్చే టిక్కు ముందే పెట్టి ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే దాన్ని తీసేయండి, లేకపోతే ఛార్జర్ పెట్టని వారం పాయింట్ ఉండదు. తర్వాత సెట్టింగ్స్ ట్యాబ్‌కి వెళ్లి "రన్ టాస్క్ యాజ్ సూన్ యాజ్ పాసిబుల్ ఆఫ్టర్ ఎ షెడ్యూల్డ్ స్టార్ట్ ఈజ్ మిస్డ్" దగ్గర టిక్కు పెట్టండి. ఆ టైమ్‌కి కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా, తర్వాత ఆన్ చేసినప్పుడు తప్పిన పని చేసేస్తుంది. ఈ టిక్కు మరిచిపోయి "నా టాస్క్ పనిచెయ్యట్లేదు" అని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ. ఓకే నొక్కితే అయిపోయినట్టే.

నిజంగా తయారైందా?

ఎడమపక్క టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ నొక్కితే మధ్యలో మీ టాస్క్ కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ అనండి. నిమిషం ఆగి ఎఫ్5 నొక్కితే "లాస్ట్ రన్ రిజల్ట్" దగ్గర పని విజయవంతమైందని రాసి ఉంటుంది.

దాన్ని నమ్మకండి. నేను నమ్మి మోసపోయాను. పాయింట్ పెట్టకుండానే "విజయవంతం" అని చెప్పే సందర్భం ఒకటుంది, అది ఇప్పుడే చెబుతాను. ముందు అసలు జాబితా చూడండి. స్టార్ట్ మెనూలో విండోస్ పవర్‌షెల్ మీద రైట్ క్లిక్ చేసి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్"తో తెరవండి. అందులో గెట్, హైఫన్, ఆ వెంటనే కంప్యూటర్ రీస్టోర్ పాయింట్ అనే మూడు మాటలూ ఖాళీ లేకుండా కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. తయారైన తేదీ, మీరిచ్చిన పేరు, వరస సంఖ్య, రకం, అన్నీ వరుసగా వస్తాయి. చివరి పంక్తిలో వీక్లీ అని ఉంటే పని జరిగినట్టు.

ఇక ఆ మెలిక ఏమిటంటే: గడిచిన 24 గంటల్లో ఏదో ఒక పాయింట్ ఇప్పటికే తయారై ఉంటే, చెక్‌పాయింట్ కమాండ్ కొత్తది పెట్టదు. 1440 నిమిషాల లోపల ఒకటి ఉంది కాబట్టి కుదరదని పసుపు రంగులో ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది. అది హెచ్చరికే గానీ తప్పు కాదు కాబట్టి టాస్క్ షెడ్యూలర్‌కి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మీరు పొద్దున చేత్తో ఒకటి పెట్టి, సాయంత్రం టాస్క్‌ని పరీక్షిస్తే జరిగేది ఇదే.

వారానికోసారి పెట్టుకునే టాస్క్‌కి ఈ మెలిక వల్ల నష్టం లేదు. ఆ రోజు విండోస్ అప్‌డేట్ ఒక పాయింట్ పెట్టేస్తే మనది మానుకుంటుంది, ఎలాగూ ఒకటి ఉంది కదా. రోజుకి రెండుమూడు కావాలనుకునేవాళ్లకే దీన్ని మార్చాల్సిన అవసరం. అలాంటివాళ్లు రిజిస్ట్రీ ఎడిటర్‌లో లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, సిస్టమ్ రీస్టోర్ వరకు దిగాలి. అక్కడ సిస్టమ్ రీస్టోర్ పాయింట్ క్రియేషన్ ఫ్రీక్వెన్సీ అని ఐదు మాటలూ కలిపిన పేరుతో 32 బిట్ డీవర్డ్ ఒకటి తయారుచేసి విలువ 0 ఇవ్వాలి. సున్నా అంటే అడిగినప్పుడల్లా పెట్టమని. ఇంట్లో వాడే కంప్యూటర్‌కి ఇది అక్కర్లేదనే నా అభిప్రాయం. చోటు ఊరికే నిండి, పనికొచ్చే పాత పాయింట్లు ముందే పోతాయి. అవసరమైనప్పుడు సిస్టమ్ ప్రొటెక్షన్‌లోని క్రియేట్ బటన్ ఉంది, దానికి ఈ 24 గంటల అడ్డు లేదు.

నెలకోసారి చూసేవి

సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్ తెరిచి సీ పక్కన ఇంకా ఆన్ అనే ఉందా అని చూడండి. విండోస్ కొత్త వెర్షన్‌కి మారిన పెద్ద అప్‌డేట్ తర్వాత ఇది మరీ ముఖ్యం. అలాంటి అప్‌డేట్‌తో పాత పాయింట్లు పోతాయి, ఒక్కోసారి ప్రొటెక్షన్ కూడా ఆఫ్ అయిపోయి ఉంటుంది. వెర్షన్ మారిన రోజే ఆన్ చేసి చేత్తో కొత్తది పెట్టేయండి. పాత వెర్షన్‌కే తిరిగి వెళ్లాలనిపిస్తే దానికి దారి వేరు, సెట్టింగ్స్‌లో రికవరీ కింద గో బ్యాక్ అని ఉంటుంది. పది రోజులే గడువు.

అదే కాన్ఫిగర్ కిటికీలో ప్రస్తుతం ఎంత చోటు వాడుతోందో కూడా కనిపిస్తుంది.

చోటు తక్కువై పాయింట్లు తీసేయాలనుకుంటే, ఆ కిటికీలోని డిలీట్ బటన్ మీద చెయ్యి పెట్టేముందు ఆగండి. అది ఆ డ్రైవ్‌లోని పాయింట్లన్నిటినీ తీసేస్తుంది, ఏవి ఉంచాలో అడగదు. చివరిది ఉంచి మిగతావి తీసెయ్యాలంటే డిస్క్ క్లీనప్ తెరిచి, సీ డ్రైవ్ ఎంచుకుని, "క్లీనప్ సిస్టమ్ ఫైల్స్" నొక్కాలి. మళ్లీ తెరుచుకున్న కిటికీలో "మోర్ ఆప్షన్స్" ట్యాబ్‌కి వెళ్లి, సిస్టమ్ రీస్టోర్ పేరు కింద ఉన్న క్లీనప్ నొక్కండి. ఇది చేసే రోజు కంప్యూటర్ ఆరోగ్యంగా ఉండాలి, చివరి పాయింట్ మంచి రోజున పెట్టినదై ఉండాలి. జాబితాలోంచి ఒక్కదాన్ని పట్టుకుని తీసే బటన్ విండోస్ కిటికీల్లో లేదు. నిజానికి ఆ అవసరం కూడా రాదు, స్లైడర్ సరిగ్గా ఉంటే పాతవి వాటంతటవే పోతాయి.

వెనక్కి వెళ్లాల్సి వస్తే

అదే సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్‌లో పైన సిస్టమ్ రీస్టోర్ అనే బటన్ ఉంది. నొక్కి నెక్స్ట్ అంటే జాబితా వస్తుంది. మొదట కొన్నే చూపిస్తుంది, కింద "షో మోర్ రీస్టోర్ పాయింట్స్" దగ్గర టిక్కు పెడితే మిగతావీ దిగుతాయి. గొడవ ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకుని, దానికి ముందున్నవాటిలో అన్నిటికన్నా కొత్తది ఎంచుకోండి. అవసరానికి మించి వెనక్కి వెళ్తే మధ్యలో వేసుకున్న ప్రోగ్రాములన్నీ మళ్లీ వేసుకోవాలి.

పాయింట్ ఎంచుకున్నాక "స్కాన్ ఫర్ ఎఫెక్టెడ్ ప్రోగ్రామ్స్" అనే బటన్ నొక్కండి. చాలామంది దీన్ని పట్టించుకోరు. రెండు పెట్టెలు వస్తాయి: పైపెట్టెలో ఈ రీస్టోర్ వల్ల పోయే ప్రోగ్రాములు, డ్రైవర్లు, కిందిపెట్టెలో తిరిగి వచ్చేవి. తిరిగి వచ్చినవి సరిగ్గా పనిచెయ్యకపోవచ్చని అక్కడే రాసి ఉంటుంది. మీకు అనుమానం ఉన్న డ్రైవర్ పేరు పైపెట్టెలో కనిపిస్తే సరైన పాయింటే ఎంచుకున్నారన్నమాట. కనిపించకపోతే వెనక్కి వచ్చి ఇంకొంచెం పాతది చూడండి.

డౌన్‌లోడ్స్‌లోనో డెస్క్‌టాప్ మీదో ఈమధ్య దాచుకున్న ఇన్‌స్టాలర్ ఫైళ్లు ఉంటే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఫొటోలను ముట్టుకోదు గానీ ప్రోగ్రామ్ ఫైళ్లని ఎక్కడున్నా సిస్టమ్ భాగంగా లెక్కేసి తీసెయ్యొచ్చు. లాగిన్ పాస్‌వర్డ్ ఈమధ్యే మార్చి ఉంటే పాతది కూడా గుర్తుంచుకోండి, లోకల్ అకౌంట్ అయితే అది అడగొచ్చు.

ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టి ఫినిష్ నొక్కండి. ఒకసారి మొదలయ్యాక మధ్యలో ఆపడం కుదరదు. రీస్టార్ట్ అయి, నల్లతెర మీద సున్నా చుట్టుకుంటూ ఫైళ్లు, రిజిస్ట్రీ రీస్టోర్ అవుతున్నాయని చెబుతుంది. పావుగంటలో అవ్వొచ్చు, ముప్పావుగంట కూడా పట్టొచ్చు. పది నిమిషాలు అదే వాక్యం కదలకుండా ఉంటే పవర్ బటన్ మీదకి చెయ్యి పోతుంది. పోనివ్వకండి, లేచి వేరే పని చూసుకోండి.

అయ్యాక గొడవ తీరకపోతే మళ్లీ సిస్టమ్ రీస్టోర్ తెరవండి, ఈసారి "అన్‌డూ సిస్టమ్ రీస్టోర్" అని ఒకటి ఎక్కువ కనిపిస్తుంది. చేసినదాన్ని తిరగేసి, వేరే పాయింట్ ప్రయత్నించవచ్చు. సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్ తప్పనిసరి భాగాలతో మాత్రమే తెరుచుకున్నప్పుడు, చేసిన రీస్టోర్‌కి మాత్రం ఈ అన్‌డూ ఉండదు. మామూలుగా చేసినప్పుడు యాంటీవైరస్ అడ్డుపడి రీస్టోర్ విఫలమైతే దాన్ని కాసేపు ఆపి చూడండి, అప్పటికీ కాకపోతేనే సేఫ్ మోడ్.

విండోస్ తెరుచుకోకపోతే

కంప్యూటర్ వరుసగా రెండు మూడుసార్లు బూట్ కాలేకపోతే రికవరీ తెర దానంతటదే వస్తుంది. లాగిన్ తెర వరకు వచ్చి ఆగిపోతుంటే, షిఫ్ట్ నొక్కి పట్టుకుని పవర్ ఐకాన్‌లోంచి రీస్టార్ట్ అనండి. ఏ దారిన వెళ్లినా నీలం తెర మీద ట్రబుల్‌షూట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ సిస్టమ్ రీస్టోర్ ఉంటాయి. పాయింట్లు అవే, పద్ధతీ అదే.

ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. డిస్క్‌లోని డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే ఈ తెర 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఎన్ని పాయింట్లున్నా తలుపు తెరుచుకోదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్ల కీ ఎక్కువగా ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. ఇవాళే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ కంప్యూటర్‌లోనే నోట్‌ప్యాడ్‌లో రాసి దాచుకుంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

వెనక్కి వచ్చాక మొదటి పని అప్‌డేట్లు ఆపడం. మిమ్మల్ని ఏడిపించిన డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిందే అయితే, మీరు రీస్టోర్ చేసి ఊపిరి పీల్చుకునేలోపే అది మళ్లీ దిగిపోవచ్చు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి ఓ వారానికి పాజ్ పెట్టండి, చేత్తో ఒక పాయింట్ పెట్టి "డ్రైవర్ గొడవ తీరాక" అని పేరివ్వండి. ఆ తర్వాతే, ఆ డ్రైవర్‌కి సరిచేసిన వెర్షన్ ఏదైనా వచ్చిందేమో వెతకండి.